టైల్స్ పడకముందే చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో వంటగదినీ బాత్రూంనీ కొత్తగా చేయించుకోవడం గురించి ఫొటోలతో సహా చాలా బాగా వేశారు. ఏ రంగు టైల్స్ వేస్తే గది పెద్దగా కనపడుతుంది, అల్మారా తలుపులకు ఏ ఫినిష్ అయితే వేలిముద్రలు పడవు, లైటు ఎక్కడ పెడితే గట్టు మీద నీడ పడదు, అన్నీ చెప్పారు. కాంట్రాక్టర్‌తో ఎలా వేగాలో ఒక్కటే చెప్పలేదు. నెలల తరబడి వేగుతున్నవాణ్ణి, చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరం పొడుగైందని కత్తిరించాల్సి వస్తే ఎక్కడైనా కత్తిరించండి గానీ, నీళ్ళు నింపే సంగతి మాత్రం దయచేసి ఉంచండి.

మాకు ఒక వంటగది, రెండు బాత్రూంలు. ముందు వంటగది, ఒక బాత్రూం చేయించి, అవి అయ్యాక రెండో బాత్రూం మొదలుపెడదామనుకున్నాం, ఎందుకంటే ఇంట్లోనే ఉంటూ పని చేయించుకునేవాళ్ళకి స్నానానికి ఒక గదైనా మిగలాలి కదా. మొదటి విడతకి ఆరు వారాలు చాలన్నాడు కాంట్రాక్టర్. పట్టింది నాలుగు నెలలు. అయితే బాత్రూం మాత్రం చూడ్డానికి అద్దంలా వచ్చింది, వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. వాడకం మొదలుపెట్టి మూడు వారాలు తిరక్కుండానే కింది పోర్షన్ ఆయన తలుపు కొట్టి, 'ఒకసారి వచ్చి మా స్లాబు చూడండి' అన్నారు. వెళ్ళి చూస్తే, సరిగ్గా మా బాత్రూం నీళ్ళు పోయే జాలీ ఉన్నచోట కింద అరచెయ్యంత తడి మచ్చ. నేను చూస్తుండగానే దాని అంచున ఒక చుక్క ఊరి, కాసేపు అలాగే వేలాడి, ఆయన పెట్టుకున్న బకెట్లో టప్పున పడింది. వారం తిరిగేసరికి ఆ మచ్చ చాపంత అయింది, సున్నం పెచ్చులు లేచిపోయాయి.

కొత్త టైల్స్ పగలగొట్టించాం. మురుగు పైపు స్లాబులోంచి కిందికి దిగేచోట చుట్టూ ఉన్న సందుని మామూలు సిమెంటుతో పూడ్చేసి, దాని మీద వాటర్‌ప్రూఫింగ్ పూత పైపైన ఒక్కసారి లాగేశారు. గోడా నేలా కలిసే మూలల్లో అదీ లేదు. నేల మీద వేసిన పూత గోడ మీదికి కూడా ఒక అడుగు దాకా ఎక్కాలనీ, షవర్ ఉన్న వైపు మనిషెత్తు వరకు వెయ్యాలనీ, మూలల్లో మెష్ పట్టీ పెట్టి వెయ్యాలనీ, ఒక పూత ఆరాక దానికి అడ్డంగా రెండోది పడాలనీ నాకు అప్పుడు తెలిసింది. టైల్స్ వేశాం, సందుల్లో గ్రౌటింగ్ చేశాం, ఇంక నీళ్ళు ఎలా దిగుతాయి అనుకుంటాం గానీ మామూలు సిమెంటు గ్రౌట్ నీళ్ళని ఆపదు, మెల్లగా పీల్చుకుంటుంది. ఆపేది టైల్ కింద ఉన్న ఆ పూతే. అది సరిగ్గా పడిందో లేదో టైల్స్ వేయకముందే మనం చూసుకోవాలి, వేశాక ఆ విషయం ముందుగా తెలిసేది కింది పోర్షన్ వాళ్ళకే.

చూసుకునే పద్ధతి చాలా తేలిక. పూత పూర్తిగా ఆరాక జాలీ నోరు గట్టిగా మూసేసి, గుమ్మం దగ్గర చిన్న కట్ట కట్టి, నేలంతా రెండంగుళాల ఎత్తున నీళ్ళు నింపాలి. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి రెండు రోజులు దాని జోలికి పోకూడదు. నీళ్ళు గీత దగ్గరే ఉండి (గాలికి ఒక పిసరు తగ్గడం మామూలే) కింద స్లాబుకి చెమ్మ రాకపోతే అప్పుడు టైల్స్ మేస్త్రీని పిలవాలి. మా ఇంట్లో ఇది ఎందుకు చెయ్యలేదని అడిగితే కాంట్రాక్టర్ దాచకుండానే చెప్పాడు. టైల్స్ మేస్త్రీ ఆ రోజే ఖాళీగా దొరికాడట, మర్నాడు వేరే సైటుకి వెళ్ళిపోతే మళ్ళీ పది రోజులకి గానీ రాడట, అందుకని వేయించేశాను సార్ అన్నాడు.

పీకల దాకా కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆ జవాబు విన్నాకే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త అర్థమైంది. కాంట్రాక్టర్ తన చేత్తో పని చేసేవాడు కాదు, చేసేవాళ్ళని పట్టుకొచ్చేవాడు. ప్లంబరు, టైల్స్ మేస్త్రీ, కరెంటు మనిషి, కార్పెంటరు, ఎవరికి వాళ్ళే, ఒక్కొక్కరూ మూడేసి నాలుగేసి ఇళ్ళు తిరుగుతుంటారు. మనిషి దొరికిన రోజే అతనికి ముహూర్తం. సిమెంటు నానే రోజులు, పూత ఆరే రోజులు, నీళ్ళు నిలబెట్టే రోజులు ఇంట్లో ఎవరూ పని చెయ్యరు కాబట్టి అతని లెక్కలో అవి దండగ రోజులు. కోత పడేది వాటికే.

ఇంకోటి, ఈ నలుగురి పనుల మధ్య జారిపోయేది ఎవరిదీ కాదు. కొత్త బాత్రూంలో నీళ్ళు పోవడం లేదని ప్లంబర్ని పిలిస్తే, పైపు నాదే గానీ అందులో పడ్డ సిమెంటు నాది కాదన్నాడు. జాలీకి గుడ్డ కట్టి వెళ్ళాల్సింది ప్లంబరే అన్నాడు టైల్స్ మేస్త్రీ. చివరికి నేనే బోర్లా పడుకుని, మోచేతి దాకా చెయ్యి దూర్చి, గట్టిపడిన సిమెంటు ముక్కలు ఒక్కొక్కటే పీకాను. గుడ్డ ముక్క ఎవరు కట్టాలో కూడా ముందే మాట్లాడుకోవాలని ఎవరికి తోస్తుంది చెప్పండి.

మా కొటేషన్ సంగతి వింటే నవ్వుతారు. 'వంటగది పని మొత్తం' అని ఒక్క లైను, ఎదురుగా ఒక అంకె. ఆ మొత్తంలో ఏమేం లేవో పని నడుస్తుంటే బయటపడుతూ వచ్చాయి. పగలగొట్టిన రాళ్ళూరప్పలు ఎత్తి పారబోయడం లేదు, పైపుల కోసం కోసిన గోడని మళ్ళీ పూడ్చడం లేదు, సింక్‌కీ స్టవ్‌కీ గ్రానైట్‌లో కోత లేదు. అల్మారాలకి ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుంటే ఒకరు రన్నింగ్ ఫుట్ లెక్కన, ఒకరు చదరపు అడుగు లెక్కన, ఇంకొకరు పెట్టెకింత అని ఇచ్చారు, వాటిలో ఏది చవకో ఏది ఖరీదో ఎలా తేల్చాలి? రన్నింగ్ ఫుట్ అంటే గోడ పొడవు ఒక్కటే, ఎత్తు ఎంత, లోపల అరలెన్ని అన్నది అందులో ఉండదు. కనీసం ప్లైవుడ్ ఏ రకం, మందం ఎంత, సింక్ కింద పెట్టెకి నీళ్ళని తట్టుకునే ప్లై వాడతారా లేదా అన్నవైనా రాయించుకోవాల్సింది. నేను రంగుల క్యాటలాగ్ చూస్తూ కూర్చున్నాను.

తప్పంతా అతనిదే అనడం లేదు. నా నిర్వాకం కూడా చెప్పుకోవాలి. 'పనిలో పనిగా' అన్న మాట ఇల్లు బాగు చేయించుకునేవాళ్ళ నోట రాకూడదని ఇప్పుడంటున్నాను గానీ, ఆ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పనిలో పనిగా సింక్‌ని కిటికీ కిందికి జరిపేద్దాం అన్నాను, అప్పటికే పైపులు వేసి గోడ మూసేశారు. రెండడుగులే కదా అనుకున్నా. ఆ రెండడుగుల కోసం గోడ మళ్ళీ కొయ్యాలి, మురుగు పైపుకి వాటం మళ్ళీ చూడాలి, మిక్సీ కోసం పెట్టించిన ప్లగ్ పాయింటు సరిగ్గా కుళాయి పక్కకి వచ్చింది కాబట్టి దాన్నీ జరపాలి, గ్రానైట్ కొలతలు మళ్ళీ తియ్యాలి, కింది అల్మారా కొలతలూ మార్చాలి. చేతిపని చూస్తే రెండు మూడు రోజులు. పట్టింది మూడు వారాలు, ఎందుకంటే ఇక్కడ పని అయిపోయిందని ప్లంబరు ఇంకో ఇంట్లో మొదలుపెట్టేశాడు. ఎంత ఎక్కువవుతుందని నేను అడగలేదు, 'చూసుకుందాం లెండి సార్' అన్నాడే గానీ అతనూ చెప్పలేదు, ఆఖర్న బిల్లు చూసి ఇద్దరం కేకలేసుకున్నాం. మా ఆవిడ ఇద్దరికీ సమానంగా పెట్టింది చివాట్లు. గట్టు ఎత్తు గురించి కూడా తను ముందే చెప్పింది, నిలబడి మోచెయ్యి వంచితే దానికి అరజానెడు కిందికి ఉండాలి, ఇది మరీ పొట్టిగా ఉంది అని. అన్ని ఇళ్ళలోనూ ఇంతేనమ్మా అన్నాడు కాంట్రాక్టర్, నేను తలూపాను. గిన్నెలు తోమేది నేనే కాబట్టి ఇప్పుడు నడుం పట్టేస్తున్నదీ నాకే.

డబ్బు దగ్గరికి వద్దాం. పని మొదలుకాకముందే సగం ఇచ్చేశాం. మెటీరియల్ వచ్చిందని కొంత, మేస్త్రీలకి ఇవ్వాలని కొంత, టైల్స్ పడేనాటికి వందలో తొంభై చేతులు మారింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గింది. దీన్ని మోసం అనను, పది రావాల్సిన ఇంటికంటే తొంభై రావాల్సిన ఇంటికి పరిగెత్తడం ఎవరైనా చేసేదే. పైగా పని అంతా అయ్యాక ఆ వంకా ఈ వంకా చెప్పి ఆఖరి విడత ఎగ్గొట్టే ఇంటివాళ్ళూ తక్కువేం లేరు, ఆ భయంతోనే వాళ్ళు ముందే గుంజుకుంటారు.

లీకు బయటపడ్డాక అతను పారిపోలేదు. లేబర్ ఖర్చు తనే పెట్టుకుని పగలగొట్టి మళ్ళీ చేశాడు, టైల్స్ మేం కొన్నాం. అదే కంపెనీ, అదే డిజైన్, కానీ పెట్టె మీద బ్యాచ్ నంబరు వేరు, వేశాక చూస్తే పాత వరసకీ కొత్త వరసకీ మధ్య రంగు తేడా పొద్దుటి వెలుతురులో కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కోతల్లో పోయేవాటికని ఎలాగూ ఒక పది శాతం ఎక్కువ కొంటాం, ఇంకో పెట్టె కొని అటక మీద పడేసి ఉంటే సరిపోయేది.

రెండో బాత్రూం కూడా అతనికే ఇచ్చానంటే తెలిసినవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. కొత్తవాణ్ణి తెచ్చుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకునే ఓపిక నాకు లేదు. ఈసారి మాత్రం ఇద్దరం కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాం. పగలగొట్టి, చెత్త ఎత్తేశాక ఒక విడత. పైపులు వేసి, పంపుతో నీళ్ళ ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు కిందికి జారకుండా నిలబడ్డాక ఇంకో విడత, అదీ గోడ మూయకముందే. పూత వేసి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాక మరొకటి. టైల్స్‌కీ, కమోడ్, కుళాయిలకీ వేరే వేరే. ఆఖరి పది శాతం వాడకం మొదలుపెట్టిన నెలకి. ఏ విడత పని అయితే ఆ సాయంత్రమే డబ్బు ఇస్తానని నేనూ సంతకం పెట్టాను, ఇప్పటిదాకా ఒక్కరోజు దాటలేదు. ఏదైనా మార్చాలంటే ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అని అతను మెసేజ్ పెట్టాలి, నేను సరేనంటేనే పని. ఆ మెసేజ్ చూశాక సగం కోరికలు నాకే చల్లారిపోయాయి.

గోడ మూసే ముందు టేపు ఆనించి పెట్టి ప్రతి పైపునీ ఫొటో తీసుకున్నాను, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం అన్నది కనపడేలా. రేపు టవల్ రాడ్ కోసం డ్రిల్ పెట్టి పైపుకి చిల్లు పొడవకుండా ఉండాలంటే నాకున్న ఆధారం అవే. గీజర్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టమని అడిగితే కరెంటు మనిషి మారు మాట్లాడకుండా పెట్టాడు, మొదటి బాత్రూంలో అడగలేదు కాబట్టి పెట్టలేదట. నేల వాటం గురించి కూడా రాసుకున్నాం, మీటరుకి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు జాలీ వైపు దిగాలని. మొదటి బాత్రూంలో చెంబుడు నీళ్ళు పోస్తే తిన్నగా గుమ్మం వైపే వస్తాయి, రోజూ స్నానం అయ్యాక చీపురుతో వెనక్కి తోస్తుంటాం. టైల్స్ ఆరాక, గ్రౌటింగ్ చేసేలోపు తాళంచెవితో ఒక్కొక్క టైల్‌నీ తట్టి చూస్తానని, డొల్ల శబ్దం వచ్చినవి తీసి మళ్ళీ వెయ్యాలని కూడా ఒప్పుకున్నాడు.

ఎడిటర్ గారూ, ఈసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు టైల్స్ పడని బాత్రూం ఫొటో కూడా ఒకటి వెయ్యండి. అందంగా ఉండదు, నల్లటి పూత, బయటికి పొడుచుకొచ్చిన పైపులు తప్ప ఏమీ కనపడదు, కానీ డబ్బు పెట్టేవాళ్ళు చూడాల్సింది అదే.

నిన్న నేను ఆఫీసులో ఉండగా కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. 'సార్, నీళ్ళు నింపేశాను. మేస్త్రీ రేపొస్తానంటే వద్దు, ఇంకో మూడు రోజులు ఆగి రమ్మన్నాను. మీరొచ్చి గీత పెట్టుకోండి' అన్నాడు. రాత్రి ఇంటికెళ్ళి పెన్సిల్‌తో గీత పెట్టాను, ఇందాక చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి. కింది పోర్షన్ ఆయన పొద్దున్నుంచి రెండుసార్లు తలెత్తి చూసుకున్నారట, ఇంతవరకు ఏమీ లేదన్నారు. ఇంకా ఒక రోజు ఉంది.

ఇట్లు
మీ పాఠకుడు