ఓటీ అంటే ఆపరేషన్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

నాలుగేళ్లు నిండినా మా మనవడు చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయేవాడు; రెండు పనులు వరుసగా చెబితే రెండోది మరిచిపోయేవాడు. మగపిల్లలు కాస్త ఆలస్యంగానే అందుకుంటారని ఇరుగుపొరుగు వారితో పాటు, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను కూడా సర్దిచెప్పుకున్నాను. చివరికి పిల్లల వైద్యుడు ‘ఓటీ’ అని చీటీ రాసిస్తే, ఆపరేషన్ అనుకుని మా కోడలు ఏడ్చింది. ఆ ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ; రోజువారీ పనులు బిడ్డ తానే చేసుకునేలా సాధన చేయించే చికిత్స. ఆ మాట మన ఊళ్లకు ఇంకా అంత కొత్త.

ఆ థెరపీలో చేయించినవి చూసి మొదట నాకు నమ్మకం కుదరలేదు. చపాతీ పిండి పిసకడానికీ, శనగలూ పెసలూ వేరుచేయడానికీ, నీళ్లు ఒలకకుండా గ్లాసులో పోయడానికీ డబ్బు కట్టాలా అనిపించింది. అయితే చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఏ చేయి, తరువాత ఏది అన్న వరుస గుర్తుండాలనీ, కాజాలో బొత్తాం దూరేవరకు చూపు మరలకూడదనీ, తప్పితే మళ్లీ మొదలుపెట్టే ఓపిక కావాలనీ, పసివయసులో జ్ఞాపకమూ ఏకాగ్రతా పలక పట్టకముందే ఇలాంటి చేతిపనుల్లో అలవడతాయనీ ఆ థెరపిస్టు వివరించాక, చింతపిక్కలు లెక్కపెట్టుకుంటూ వామనగుంటలాడిన మా చిన్నతనం గుర్తొచ్చింది. వారానికో గంట తాను చేయించినంత మాత్రాన చాలదని, ఇంట్లో తల్లి రోజూ చేయించాలని ఆమె మొదటి రోజే చెప్పారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, ఎదుగుదలలో లోపం కనబడితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. పంపడం వరకు బాగానే ఉంది. కూలికి వెళ్లే తల్లి బిడ్డను చంకనేసుకుని రెండు బస్సులు మారి వారం వారం ఎలా వెళ్లగలదు? నెల తిరిగేసరికి మానేస్తుంది. ఆ తప్పు ఆమెది కాదు.

అందువల్ల మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వారానికొక నిర్ణీత దినాన ఆక్యుపేషనల్ థెరపిస్టును పంపి, తల్లినీ అంగన్‌వాడీ కార్యకర్తనూ పక్కన కూర్చోబెట్టి నేర్పించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఫిజియోథెరపిస్టు ఉన్నారు కదా అన్న సమాధానం సరిపోదు. కండరాల బలం, నడక చూసేవారు వేరు. అన్నం కలుపుకోవడం నుంచి అక్షరం దిద్దడం వరకు బిడ్డ రోజువారీ పనులు చూసేవారు వేరు. అనుబంధ ఆరోగ్య వృత్తులపై 2021లో వచ్చిన కేంద్ర చట్టం సైతం వీటిని వేర్వేరు వృత్తులుగానే పేర్కొంది. థెరపిస్టు వచ్చే రోజు ఏదో ముందుగానే అంగన్‌వాడీ గోడ మీద రాయించి ఉంచితే, తల్లులు ఆ పూట కూలి పని సర్దుబాటు చేసుకోగలుగుతారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం జిల్లా