చిన్నోడి లెక్కల గురించి నాన్నగారికి

నిషి కసాయ్, టోక్యో
9 నవంబర్ 2024

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. ఫోన్లో మాట్లాడదామంటే అమ్మ మధ్యలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, చిన్నోడు పక్కగదిలోంచి వింటుంటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివాక వాడికీ ఇవ్వండి. వాడి దగ్గర దాచాల్సింది ఇందులో ఏమీ లేదు.

ఆఫీసు మామూలే. డిసెంబరులో రిలీజ్ ఉంది, ఆ హడావుడి. మీ అల్లుడికి దగ్గు తగ్గింది. చంటిది డేకేర్‌కి ఏడవకుండా వెళ్తోంది. బూట్లు తనే విప్పి, జత కలిపి, తన పేరున్న అరలో పెట్టుకుంటోందట. అమ్మా, నువ్వు పంపిన గోంగూర సీసా విమానంలో కొంచెం కారింది గానీ పచ్చడికి ఏమీ కాలేదు. ఇక్కడ ఇండియన్ షాపులో ఫ్రీజ్ చేసిన గోంగూర దొరుకుతుంది, దానికి ఆ పులుపు రాదు.

నాన్నా, మొన్న మీరన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "వాడు రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని దొంగల్ని పడతానంటున్నాడమ్మా, మతి చెడిందేమో" అన్నారు. వాడికి మతి చెడలేదు. స్థలం అమ్మిన డబ్బులో వాడి వాటా ఆ ఎక్స్ఛేంజీలో, అంటే బిట్‌కాయిన్లు కొనీ అమ్మే ఆన్‌లైన్ కంపెనీలో, ఇరుక్కుపోయింది. హ్యాకింగ్ జరిగింది, విత్‌డ్రాయల్స్ ఆపేశాం అని ఒక్క మెయిల్ పంపి వాళ్ళు చేతులు దులుపుకున్నారు. పాతికేళ్ళవాడు తన డబ్బు ఎటు పోయిందో తెలుసుకోవాలనుకోవడం పిచ్చి ఎలా అవుతుంది? వాణ్ణి ఆపొద్దు. ఒక్క విషయంలో మాత్రం ఆపాలి. అది చెప్పడానికే ఇదంతా.

మీరు రైసుమిల్లులో చిట్టా రాసిన రోజులు నాకు బాగా గుర్తు. పద్దుల్లో తేడా వచ్చిన రాత్రి మీరు అన్నానికి లేచేవారు కాదు. ఒక కలం చెవి మీద, ఇంకోటి చేతిలో. సరిచూసిన పద్దు పక్కన చిన్న చుక్క పెట్టుకుంటూ పేజీలు వెనక్కి తిప్పేవారు. అమ్మ ఎంత విసుక్కున్నా తేడా దొరికేదాకా వదిలేవారు కాదు. బిట్‌కాయిన్ లెక్క కూడా అలాంటి ఒక చిట్టాయే నాన్నా. కాకపోతే అది ఏ షావుకారు బీరువాలోనూ ఉండదు. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఎంత కదిలింది, ఎప్పుడు కదిలింది, ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పోయింది, అన్నీ ఉంటాయి. రాసింది చెరపడం కుదరదు. పేరు ఒక్కటే ఉండదు. పేరుండాల్సిన చోట అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి వరస ఉంటుంది, దాన్నే చిరునామా అంటారు. చిన్నోడు రాత్రిళ్ళు చేస్తున్నది మీరు చేసిన పనే.

ఇలాంటిది ఈ ఊళ్ళోనే జరిగింది. మౌంట్ గాక్స్ అని షిబుయాలో ఒక ఎక్స్ఛేంజీ ఉండేది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది. 2014 ఫిబ్రవరి 7న విత్‌డ్రాయల్స్ ఆపేశారు. అదే నెల 28న టోక్యో జిల్లా కోర్టులో దివాలా పిటిషన్ వేశారు. 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించడం లేదన్నారు. అందులో 7,50,000 ఖాతాదారులవే. తర్వాత ఏదో పాత వాలెట్‌లో, అంటే కాయిన్ల తాళాలు దాచే ఫైల్లో, 2,00,000 ఉన్నాయని తేలింది, మిగతావి పోయినట్టే. మీ అల్లుడి ఆఫీసు అప్పట్లో షిబుయాలోనే. లండన్ నుంచి వచ్చిన ఒక ఖాతాదారు ఆ చలిలో, మంచులో అట్ట పట్టుకుని వాళ్ళ ఆఫీసు ముందు నిలబడ్డాడు, "మౌంట్ గాక్స్, మా డబ్బు ఎక్కడ?" అని. దారిన పోతూ చూశానని ఈయన ఇప్పటికీ చెప్తుంటారు.

కంపెనీవాళ్ళు మొదట చెప్పిన కారణం వేరు. బిట్‌కాయిన్ లావాదేవీల గుర్తింపు సంఖ్యను మార్చే లొసుగు ఒకటుంది, దాన్ని వాడుకుని ఎవరో దోచేశారన్నారు. జ్యూరిచ్‌లో ఇద్దరు పరిశోధకులు లెక్క తీస్తే, ఆ పద్ధతిలో అక్కడి నుంచి పోయే వీలున్నవి మహా అయితే 386 కాయిన్లని తేలింది. లక్షలెక్కడ, 386 ఎక్కడ! ఇక జనం చూపంతా యజమాని మీదికి తిరిగింది. మార్క్ కార్పెలెస్ అని ఫ్రాన్స్ దేశస్థుడు. వాడే మింగేశాడని తేల్చేశారు.

టోక్యోలోనే కిమ్ నిల్సన్ అని స్వీడన్ నుంచి వచ్చిన ప్రోగ్రామర్ ఒకాయన ఉండేవాడు. ఆయనవీ కొన్ని కాయిన్లు అందులో పోయాయి. పోలీసు కాదు, డిటెక్టివ్ కాదు, ఎవరూ జీతమిచ్చి పెట్టుకోలేదు. ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన టైములో ఆ చిట్టా ముందేసుకుని కూర్చున్నాడు. మౌంట్ గాక్స్ లోపలి లెక్కలు కొన్ని అప్పటికే బయటికి లీకయ్యాయి. ఆ పుస్తకాన్నీ ఈ బహిరంగ చిట్టానీ పక్కపక్కన పెట్టి ఒక్కో పద్దు సరిచూసుకుంటూ పోయాడు. ఖాతాదారు డబ్బు తీసుకున్నట్టు లోపల నమోదై, బయట అంతే మొత్తం వెళ్తే అది సరి. లోపల నమోదు లేకుండా బయటికి పోయిందంటే అది దొంగతనం. రెండు చిరునామాల నుంచి డబ్బు ఒకే లావాదేవీలో కలిసి ఖర్చయితే, ఆ రెండింటి తాళాలూ, అంటే డబ్బు తీసే రహస్య సంకేతాలు, సాధారణంగా ఒకరి చేతిలోనే ఉన్నట్టు. ఇలా గుంపులు కట్టుకుంటూ వెళ్ళాడు. చిన్నోణ్ణి అడగండి, వాడికీ ఈ పద్ధతి తెలుసు.

2015 ఏప్రిల్‌లో నిల్సన్ బృందం బయటపెట్టిన విషయం విని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. డబ్బు పోయింది 2014లో కాదు. 2011 చివర్నుంచే కొంచెం కొంచెంగా కారిపోతూ ఉంది. దొంగ వాలెట్ ఫైలు కాపీ కొట్టాడు, తాళాలన్నీ అందులో ఉన్నాయి. కంపెనీ మాత్రం ఆ పాత చిరునామాలనే వాడుతూ పోయింది. అంటే జనం కొత్తగా వేసిన డబ్బు కూడా దొంగ చేతిలో తాళమున్న పెట్టెలోనే పడుతూ వచ్చింది! 2013 మధ్యకొచ్చేసరికి దాదాపు ఖాళీ. అయినా రోజూ కొనుగోళ్ళు, అమ్మకాలు నడుస్తూనే ఉన్నాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన చిన్నోడు డబ్బు వేసిన రోజుకి ఆ పెట్టెలో ఏముందో ఎవరికి తెలుసు?

అమ్మా, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటున్నావా? షుగరు పెట్టుకుని పొద్దు గుంకేదాకా ఉండొద్దని డాక్టరు చెప్పారు కదా. పండో, పాలో తీసుకో. శివుడు ఏమీ అనుకోడు.

నిల్సన్ సంగతిలో నేను మీకు చెప్పదలచుకున్నది అసలు ఇక్కడుంది. కాయిన్లు పోయిన దారిలో ఆయనకొక మారుపేరు తగిలింది. ఆ మారుపేరు మనిషి ఎప్పుడో ఇంకో ఎక్స్ఛేంజీ తన డబ్బు ఆపేసిందని గొడవపడుతూ తన అసలు పేరున్న కాగితాలు తనే బయటపెట్టుకున్నాడు. అలా అలెగ్జాండర్ విన్నిక్ అనే రష్యన్ పేరు దొరికింది. పేరు దొరికాక నిల్సన్ ఏం చేశాడు? ఊరంతా చాటలేదు. అమెరికాలో కేసు చూస్తున్న అధికారికి అందజేసి నోరు మూసుకున్నాడు. 2017 జులైలో గ్రీసులో విన్నిక్‌ను అరెస్టు చేసిన తర్వాతే ఆ పేరు గురించి మాట్లాడాడు. ముందే చాటింపు వేసి ఉంటే ఆ మనిషి గ్రీసుకి సెలవుకి వచ్చేవాడా?

ఇంకోటి చూడండి. విన్నిక్ మీద పెట్టిన కేసు దొంగసొమ్మును బీటీసీ-ఈ అనే ఎక్స్ఛేంజీ ద్వారా మార్చాడని. మనీ లాండరింగ్ కుట్ర నేరం ఈ ఏడాది మేలో ఒప్పుకున్నాడు. హ్యాకింగ్ చేసింది మాత్రం వేరే ఇద్దరు రష్యన్లని 2023లో అమెరికా ప్రభుత్వం అభియోగాలు బయటపెట్టింది, దాదాపు 6,47,000 బిట్‌కాయిన్లు. అంటే అన్నేళ్ళు వెతికి, అంత జాగ్రత్తగా పట్టుకున్న పేరు కూడా డబ్బు చేరిన చోటుదే, హ్యాకింగ్ చేసినవాడిది కాదు. ఇక జనం మొదటి రోజునుంచీ దొంగ అన్న కార్పెలెస్‌ను 2015 ఆగస్టులో అరెస్టు చేశారు, దాదాపు ఏడాది జైల్లో ఉంచారు. 2019 మార్చిలో కోర్టు లెక్కలు తారుమారు చేశాడని శిక్ష వేసింది గానీ, డబ్బు కాజేశాడన్న ఆరోపణ కొట్టేసింది.

ఇప్పుడు చిన్నోడి సంగతి. వాడి గ్రూపులోని కుర్రాళ్ళు ఒక అబ్బాయి పేరు, ఫొటో, ఫోన్ నంబరు ఆన్‌లైన్‌లో పెడతామంటున్నారు. ఆ ఎక్స్ఛేంజీ కస్టమర్ కేర్‌లో పనిచేసి మానేసినవాడట, మన పక్క ఊరివాడేనట. ఆధారం ఏంట్రా అని నేను గట్టిగా అడిగాను. ఉద్యోగం మానేశాడు, సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, ఫోన్ చేస్తే కోపంగా పెట్టేశాడు. అంతే నాన్నా. ఒక్క కాయిన్ కూడా ఆ అబ్బాయి దాకా వెళ్ళినట్టు చిట్టాలో లేదు. వాళ్ళమ్మ టిఫిన్ బండి నడుపుతుందట. రేపు నలుగురూ వెళ్ళి ఆ బండి ముందు నిలబడితే ఆవిడ గతేంటి? ఆ అబ్బాయి ఏదైనా అఘాయిత్యం చేసుకుంటే మన ఇంటికి నిద్ర పడుతుందా?

ఈ మాట నేను చెప్తే, "అక్కా, నువ్వు అక్కడ హాయిగా ఉన్నావు, నీకేం తెలుసు" అన్నాడు. నాకు బాధేసింది. వాడి డబ్బు పోయినప్పటి నుంచి నేనిక్కడ హాయిగా ఏమీ లేను. ఆఫీసు నుంచి వచ్చి, చంటిది పడుకున్నాక, వాడు పంపిన చిరునామాలు నేనూ తెరిచి చూస్తున్నాను. అందుకే తెలుసు, వాడి పనిలో నిజాయితీ ఉందని. మూడు వాలెట్ల దాకా దారి శుభ్రంగా పట్టుకున్నాడు. ఆ తర్వాత డబ్బు చిన్న చిన్న ముక్కలై మిక్సర్‌లోకి, అంటే ఎవరి కాయిన్లు ఏవో తెలియకుండా కలిపేసే చోటికి, పోయింది. అక్కడ దారి తెగింది. దారి తెగిన చోట దొరికినవాడి పేరు రాసి పెట్టకూడదు. మీరు తేడా దొరకని రాత్రి కుర్ర గుమాస్తా మీద నెట్టారా ఎప్పుడైనా? ఆ మాట మీరు చెప్తే వింటాడు. నా మాట వినడు.

చేయాల్సింది ఇది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టించండి. వాడు రాసుకున్న ట్రాన్సాక్షన్ హ్యాష్‌లు, అంటే ఒక్కో లావాదేవీ గుర్తింపు సంఖ్యలు, అన్నీ తేదీ, టైము, మొత్తంతో సహా ఒక కాగితం మీద వరసగా రాసి జతచేయాలి. డబ్బు ఏ ఎక్స్ఛేంజీ చిరునామాకి చేరినట్టు కనిపించిందో అదీ రాయాలి, ఎందుకంటే ఆ ఖాతా ఎవరిదో చెప్పమని అడిగే అధికారం పోలీసులకే ఉంటుంది. అనుమానాలు, కారు, కోపం, ఇవేవీ రాయొద్దు. వేరేవాళ్ళ ఫోన్లలోకి, మెయిళ్ళలోకి దూరే పని అసలే వద్దు, అలా చేస్తే వీడే నేరస్థుడవుతాడు.

అమ్మతో ఫోన్లో మాట్లాడిన ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలీదు గానీ, "మీ కాయిన్లు వెనక్కి రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్ళంతా మోసగాళ్ళే. పోగొట్టుకున్నవాళ్ళ నంబర్లు పట్టుకుని వీళ్ళు తిరుగుతుంటారు. అమ్మా, గాజుల మీద చెయ్యి వేయొద్దు. నా మీద ఒట్టు.

డబ్బు వస్తుందా అంటే చెప్పలేను. మౌంట్ గాక్స్ వాళ్ళకి పదేళ్ళు దాటాక ఈ జులై నుంచి కొంత కొంత ముడుతోంది. ఇదే షిబుయాలో 2018 జనవరిలో కాయిన్‌చెక్ అనే ఇంకో ఎక్స్ఛేంజీలో 5,800 కోట్ల యెన్ల విలువైన నెమ్ అనే ఇంకో రకం కాయిన్లు పోతే, ఆ కంపెనీ తన డబ్బుతోనే ఖాతాదారులకి తిరిగి కట్టింది. అప్పుడు కూడా ఒక స్వచ్ఛంద ప్రోగ్రామర్ దొంగ వాలెట్లకి "ఇది దొంగసొమ్ము, తీసుకోవద్దు" అని చీటీలాంటిది తగిలించాడు. అందరూ ఆగలేదు గానీ చాలామంది ఆ చీటీ చూసి ఆగారు. చిన్నోడు ఇలాంటి పని చేస్తానంటే నేను కూడా రాత్రిళ్ళు కూర్చుంటాను.

వరండా రేకు కారుతోందన్నారు, కొత్తది వేయించండి. డబ్బు సోమవారం పంపుతాను. మీ కంటి ఆపరేషన్ వాడి గొడవతో వాయిదా వేయొద్దు, చుక్కల మందు మానొద్దు.

ఆదివారం మన టైము సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తాను. ఆ అబ్బాయి పేరు ఎక్కడైనా పెట్టి ఉంటే ఈలోపే తీయించేయండి. చిన్నోణ్ణి కంప్లయింట్ నంబరు దగ్గర పెట్టుకుని కూర్చోమనండి, మిక్సర్ తర్వాత ఉన్న చిరునామాలు ఇద్దరం కలిసి చూస్తాం.

మీ
అమ్ములు