ఉప్పుగాలికి జెర్మేనియం సిలికాన్‌గా మారుతుందా? ల్యాబ్ కిట్ల కంపెనీకి ఒక ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీసు, ల్యాబ్ పరికరాల విభాగం

విషయం: మా డిగ్రీ కళాశాలకు మీరు పంపిన డయోడ్, ట్రాన్సిస్టర్ కిట్లలోని లోపాలు, మా మొదటి ఫిర్యాదుకు మీ వాళ్లిచ్చిన జవాబు గురించి.

అయ్యా,

మీ కిట్లోని జెర్మేనియం డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే పరికరం) సిలికాన్ డయోడ్‌లా నడుస్తోందనీ, ట్రాన్సిస్టర్ల బీటా, అంటే కరెంటును ఎన్ని రెట్లు పెంచుతాయో చెప్పే అంకె, మరీ తక్కువ వస్తోందనీ రాసిన మా మొదటి ఉత్తరానికి మీ సర్వీసు విభాగం జవాబు పంపింది. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉంది కాబట్టి ఉప్పుగాలికీ తేమకీ జెర్మేనియం డయోడ్ల లక్షణాలు మారిపోయాయట. ట్రాన్సిస్టర్ల బీటా ఒక్కోదానికి ఒక్కోలా ఉండటం మామూలేనట. అన్నిటికీ మించి, విద్యార్థులు కనెక్షన్లు తప్పుగా ఇచ్చి ఉంటారట, వాళ్లకు ముందు పరికరాలు వాడటం నేర్పాలట. మొదటి మాటకు నవ్వొచ్చింది. చివరి మాటకు మాత్రం కోపమొచ్చింది. అందుకే ఈసారి కాస్త పెద్ద ఉత్తరమే రాస్తున్నాను, మీ ఇంజనీర్లలో ఎవరైనా ఒకరు పూర్తిగా చదవాలని నా కోరిక.

ముందుగా ఒక మాట. ఇందులో రాసిన రీడింగులు విద్యార్థులు తీసినవి కావు. ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు నేనూ మా విభాగంలోని మరో అధ్యాపకురాలూ కలిసి తీశాం. కిట్ మూత విప్పలేదు, వారంటీ సీలు అలాగే ఉంది. కొలిచినదంతా ముందువైపు ప్యానెల్ మీదున్న టెర్మినళ్ల దగ్గరే.

డయోడ్ సంగతి. మీ ప్యానెల్ మీద రెండు డయోడ్లున్నాయి. ఒకదాని కింద సిలికాన్ 1ఎన్4007 అనీ, రెండోదాని కింద జెర్మేనియం ఓఏ79 అనీ అచ్చు వేశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టేదే పదార్థం మారితే ప్రవర్తన ఎలా మారుతుందో విద్యార్థి తన చేత్తో కొలిచి చూడటానికి. శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్ బంధం తెంచుకోవడానికి కావలసిన శక్తి, సిలికాన్‌ది 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియంది 0.67. అంతరం చిన్నది కాబట్టి గది వేడికే జెర్మేనియంలో చాలా ఎక్కువ ఎలక్ట్రాన్లు బంధాలు తెంచుకుని బయటపడతాయి. శుద్ధమైన సిలికాన్‌లో ఘన సెంటీమీటరుకు సుమారు వెయ్యి కోట్ల స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటే, జెర్మేనియంలో అంతకు రెండు వేల రెట్ల పైచిలుకు ఉంటాయి. జెర్మేనియం డయోడ్ తక్కువ వోల్టేజీకే కరెంటు పోనివ్వడానికీ, రివర్స్ బయాస్‌లో (వోల్టేజీ ఎదురు దిశలో పెట్టినప్పుడు) ఎక్కువగా లీకవడానికీ మూలం ఇదే. రెండు లక్షణాలకూ వేరు ఒక్కటే కనుక ఒకటి ఉంటే రెండోదీ ఉండి తీరాలి.

మీ 'జెర్మేనియం' డయోడ్‌లో ఈ రెండిట్లో ఒక్కటీ లేదు. ఫార్వర్డ్ బయాస్‌లో (కరెంటు పారే దిశలో) 10 మైక్రోఆంపియర్ల దగ్గర 0.39 వోల్టులు, 100 మైక్రోఆంపియర్ల దగ్గర 0.50, 1 మిల్లీఆంపియర్ దగ్గర 0.61. అసలు ఓఏ79 అయితే 1 మిల్లీఆంపియర్ దగ్గర 0.3 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. పక్కనున్న సిలికాన్ డయోడ్ రీడింగులకూ దీని రీడింగులకూ తేడా 20, 30 మిల్లీవోల్టులకు మించలేదు. ఇక రివర్స్‌లో 10 వోల్టులు పెట్టినా మైక్రోఆమ్మీటరు ముల్లు సున్నా మీంచి కదల్లేదు. జెర్మేనియమైతే ఆ వోల్టేజీకి కొన్ని మైక్రోఆంపియర్లైనా కనిపించాలి.

ఇప్పుడు ఉప్పుగాలి వాదన. తుప్పు పడితే ఏమవుతుంది? కాళ్ల దగ్గరో టెర్మినల్ దగ్గరో అదనపు నిరోధం వచ్చి చేరుతుంది. ఆ నిరోధం ఓమ్ నియమం ప్రకారం నడుస్తుంది. 10 మైక్రోఆంపియర్ల దగ్గర ఉండాల్సిన దానికంటే 0.3 వోల్టులు ఎక్కువ కనిపించిందంటే, అది తుప్పు పనే అనుకుంటే, ఆ తుప్పు నిరోధం 30 కిలోఓములు. అదే డయోడ్‌లో 1 మిల్లీఆంపియర్ పంపితే ఒక్క తుప్పు మీదే 30 వోల్టులు పడాలి. మీ కిట్ పవర్ సప్లై నాబ్ చివరిదాకా తిప్పినా 15 వోల్టులు దాటదు. మాకు వచ్చింది 0.61. పైగా కరెంటు పదింతలైన ప్రతిసారీ వోల్టేజీ ఇంచుమించు అంతే మెట్టు, 0.11 వోల్టులు పెరిగింది. కరెంటు వోల్టేజీతో పాటు ఘాతీయంగా పెరిగే పీఎన్ జంక్షన్ (డయోడ్ లోపల పీ, ఎన్ రకాల అర్ధవాహకాలు కలిసే చోటు) మాత్రమే ఇలా ప్రవర్తిస్తుంది, తుప్పుపట్టిన తీగ కాదు.

తేమ వల్ల జరగగలిగేది మరొకటుంది: డయోడ్ ఒంటి మీద తడి పొర పట్టి, దాని మీదుగా కరెంటు పాకడం. అప్పుడు లీకేజీ పెరగాలి. మాకు లీకేజీయే కనబడలేదని పైన రాశాను. పోనీ మా ఊరి ఉక్కపోత మీదికి నెడదామన్నా కుదరదు. వేడెక్కేకొద్దీ డయోడ్ ఫార్వర్డ్ వోల్టేజీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల గది 35 డిగ్రీలైతే 20 మిల్లీవోల్టులు తగ్గుతాయి. మీ డయోడ్‌లో పెరిగింది 300 మిల్లీవోల్టులు, అదీ ఎదురు దిశలో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సముద్రాన్ని ఎందుకండీ మధ్యలోకి లాగడం?

సముద్రం మాట మీరే ఎత్తారు కాబట్టి ఇదీ వినండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా ల్యాబ్ కిటికీ అద్దాలన్నీ పగిలాయి. గదిలో నీళ్లు నిలిచాయి, బీరువాలు తడిసిపోయాయి. అప్పటికే పాతబడిన చెక్క పెట్టె కిట్లలో ఓఏ79 డయోడ్లు కొన్ని ఉండేవి. వాటిని తుడిచి ఆరబెట్టి దాచాం. మొన్న తీసి కొలిస్తే 1 మిల్లీఆంపియర్ దగ్గర 0.29, 0.31 వచ్చాయి. గాజు గొట్టంలో సీలు చేసిన జెర్మేనియం తుపానును తట్టుకుని, మీ కొత్త కిట్లో డయోడ్ మాత్రం నెలల్లో సిలికాన్‌గా మారిందంటే నమ్మమంటారా?

దీని నష్టం ఎక్కడుందో చెబుతాను. డయోడ్ రివర్స్ కరెంటు వేడితో ఎలా పెరుగుతుందో కొలిచి, దాన్నుంచి శక్తి అంతరం కనుక్కునే ప్రయోగం మా సిలబస్‌లో ఉంది. డయోడ్‌ను నూనెలో ముంచి వేడి చేసి, అది చల్లారుతుంటే డిగ్రీ డిగ్రీకీ రీడింగు తీస్తాం. లాగరిథమ్ తీసి గ్రాఫ్ గీస్తే వాలు నుంచి 0.67కు దగ్గరి విలువ రావాలి. మీ డయోడ్‌ను 70 డిగ్రీలకు వేడి చేసినా మీటరు ముల్లు కదలదు. ఇక పిల్లలేం చేస్తారు? సీనియర్ల రికార్డు తెచ్చుకుని, జవాబు ముందే తెలుసు కాబట్టి దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు అల్లుతారు. గ్రాఫు మీద ఒక్క చుక్క కూడా గీత తప్పదు. అంత అందమైన గ్రాఫు చూస్తేనే నాకు అనుమానం వచ్చి ఈ తనిఖీ మొదలైంది. వాళ్లను మందలించలేకపోయాను. నిజం రాస్తే మార్కులు రాని పరిస్థితి తెచ్చింది మీ కిట్.

ఇక ట్రాన్సిస్టర్. దీనికి ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లు; బేస్‌లోకి పంపిన చిన్న కరెంటుకు బీటా రెట్లు కలెక్టర్‌లో రావాలి. కామన్ ఎమిటర్ అమరికలో బీసీ547 బీటా 6 వచ్చింది. బీటా మారుతుందని మీరన్నది నిజమే, నేనూ తరగతిలో చెప్పే మాటే అది. బీసీ547లో 'A' గ్రూపుకు 110 నుంచి 220, 'B'కి 200 నుంచి 450, 'C'కి 420 నుంచి 800 అని తయారీదారుల డేటాషీట్లే చెబుతాయి. కానీ 6 ఏ గ్రూపులోకి వస్తుంది? పైగా మీరు పంపిన కిట్లన్నిటిలోనూ 5, 7 మధ్యే వచ్చింది. సహజంగా మారే విలువ అయితే ఇంత క్రమశిక్షణగా ఉండదు. రెండో గుర్తు ఇంకా స్పష్టంగా ఉంది. కలెక్టర్ వోల్టేజీ 7 దాటగానే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతోంది. బీసీ547 అయితే 45 వోల్టుల దాకా ఓర్చుకోవాలి.

ఈ రెండు గుర్తులూ కలిసి కనిపిస్తే చెప్పేది ఒక్కటే: లోపల కలెక్టర్, ఎమిటర్ తారుమారయ్యాయి. సరిచూడటానికి మీ ప్యానెల్ మీది ఎమిటర్ టెర్మినల్‌ను కలెక్టర్‌గా, కలెక్టర్‌ను ఎమిటర్‌గా కలిపి చూశాం. బీటా 190 వచ్చింది, గ్రాఫు గీతలు 15 వోల్టుల దాకా చదునుగా వెళ్లాయి. మల్టీమీటరు డయోడ్ సెట్టింగులోనూ అదే తేలింది. బేస్ ఎమిటర్ జంక్షన్ వోల్టేజీ, బేస్ కలెక్టర్ జంక్షన్ కంటే కొద్ది మిల్లీవోల్టులు ఎక్కువ చూపించాలి, మీ ప్యానెల్ పేర్ల ప్రకారం తిరగబడి చూపించింది.

ఎన్‌పీఎన్ అని రాసుకుంటే అటూ ఇటూ ఒకటే అనిపిస్తుంది గానీ, ట్రాన్సిస్టర్ లోపల అలా ఉండదు. ఎమిటర్‌లో మాలిన్యాలు (కావాలని కలిపే వేరే పరమాణువులు) బాగా దట్టించి ఉంటాయి, దాని పని బేస్‌లోకి ఎలక్ట్రాన్లను కుమ్మరించడం. కలెక్టర్‌లో పల్చగా ఉంటాయి. తిరగేసి వాడితే పల్చటి కలెక్టర్ ఎమిటర్ పని చేయాలి, అది చేతకాదు, బీటా పదిలోపుకి పడిపోతుంది. దట్టమైన ఎమిటర్ వైపు జంక్షన్‌లో డిప్లీషన్ పొర (స్వేచ్ఛా ఆవేశాలు లేని పొర) సన్నగా ఉంటుంది కాబట్టి ఏడెనిమిది వోల్టులకే బ్రేక్‌డౌన్ అయి కరెంటు ఎదురు దిశలో దూసుకుపోతుంది. డేటాషీట్‌లో ఎమిటర్ బేస్ రివర్స్ వోల్టేజీ 6 వోల్టులు దాటకూడదని రాసేది ఇందుకే.

ఎలా జరిగిందో నా ఊహ చెబుతాను. బీసీ547ను చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 లాంటి అమెరికన్ నంబర్లలో సరిగ్గా దానికి ఎదురు: ఎమిటర్, బేస్, కలెక్టర్. మీ కొనుగోలు విభాగం చౌకగా దొరికిన వేరే రకం తెచ్చి ఉంటుంది, బోర్డు మాత్రం పాతదే. మధ్య కాలు బేసే కాబట్టి పైపైన పరీక్షిస్తే పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. నాలుగైదు రూపాయల వస్తువు దగ్గర ఈ కక్కుర్తి ఏమిటో నాకర్థం కాలేదు. పోనీ తీగలు మార్చి వాడుకుందామన్నా కుదరదు. ఎమిటర్ జంక్షన్‌ను పదేపదే బ్రేక్‌డౌన్‌లోకి నెడితే బీటా శాశ్వతంగా దెబ్బతింటుంది. మీ మాన్యువల్ చెప్పినట్టు 10 వోల్టుల దాకా రీడింగులు తీసిన ప్రతి బ్యాచూ ఆ ట్రాన్సిస్టర్లను కొంచెం కొంచెంగా పాడుచేస్తూ వచ్చింది. అందుకని కొత్తవి పంపాల్సిందే.

మాన్యువల్ గురించి ఎక్కువ రాయను. పీ రకం అర్ధవాహకానికి ధనావేశం ఉంటుందన్న వాక్యం కొట్టేయండి. దానిలో హోల్స్ (ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు) ఎక్కువుంటాయి గానీ మొత్తం మీద అది తటస్థమే. బ్యాటరీ లేకుండా ఉత్త డయోడ్‌కు మల్టీమీటరు తగిలిస్తే 0.7 వోల్టుల బారియర్ పొటెన్షియల్ (జంక్షన్ దగ్గర లోపల ఏర్పడే వోల్టేజీ) చూపిస్తుందని రాశారు. చూపించదు. లోహపు కాళ్లు అర్ధవాహకాన్ని తాకే చోట ఏర్పడే పొటెన్షియళ్లు దాన్ని సరిగ్గా రద్దు చేస్తాయి. నిజంగా అలా వస్తే ఇంటింటా కరెంటు మీటరు పీకేసి డయోడ్లు తగిలించుకునేవాళ్లం. అన్నిటికంటే చెడ్డది, రెండు డయోడ్లను ఎదురెదురుగా సోల్డర్ చేస్తే ట్రాన్సిస్టర్ అవుతుందన్న 'చిట్కా'. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ జెర్మేనియం పలక మీద రెండు బంగారు మొనలను మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఎడంతో ఆన్చితేనే ఆంప్లిఫికేషన్ వచ్చింది. ఒక జంక్షన్ నుంచి వచ్చిన వాహకాలు మధ్యలో అంతరించిపోకముందే రెండో జంక్షన్‌ను చేరాలి, అందుకే బేస్ అంత పల్చగా ఉంటుంది. రెండు డయోడ్ల మధ్య సోల్డరూ తీగా ఉంటే ఒక్క ఎలక్ట్రాన్ కూడా అలా దాటదు. మా విద్యార్థి ఒకడు వైవాలో ఈ చిట్కా చెప్పి ఎక్స్‌టర్నల్ ముందు నవ్వులపాలయ్యాడు.

మేమడిగేది ఇదీ. అన్ని కిట్లలోనూ అసలైన జెర్మేనియం డయోడ్లు పెట్టించండి. ఈ రోజుల్లో అవి దొరకడం కష్టమని నాకూ తెలుసు. దొరక్కపోతే ఆ మాటే రాసి, ప్యానెల్ మీద జెర్మేనియం అన్న అచ్చు తీసేసి, ఆ మేరకు ధర తగ్గించండి. సిలికాన్‌ను జెర్మేనియమని అమ్మడం మాత్రం ఒప్పుకోం. ట్రాన్సిస్టర్లన్నీ మార్చి, కాళ్లు సరిచూసి పంపండి. మాన్యువల్‌కు దిద్దుబాటు కాగితం ముద్రించి ఇవ్వండి, మా ఒక్కరికే కాదు, ఈ కిట్ కొన్న కళాశాలలన్నిటికీ. విద్యార్థుల మీద మీ వాళ్లు రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలపండి. ఇవి జరిగేదాకా బిల్లులో మిగిలిన సొమ్ము ఆపాలని మా కొనుగోలు కమిటీ నిర్ణయించింది.

రీడింగుల పట్టికలు, గ్రాఫుల ప్రతులు ఈ ఉత్తరానికి జతచేశాను. సెమిస్టర్ ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి కాబట్టి మీ ఇంజనీరును ఈ నెలలోనే పంపండి. వచ్చే ముందు ఒక్క ఫోన్ చేస్తే మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచుతాం. ఆయన తన మల్టీమీటరు తెచ్చుకుంటే మంచిది, మా మీటరు మీద కూడా ఉప్పుగాలి వీచిందని రేపు అనకుండా ఉంటారు.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ల్యాబ్ ఇన్‌చార్జి