శీనుకి ఉత్తరం: క్లాసులో చెబితే వస్తాయా అన్నావుగా

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మాయి పెళ్లి హడావిడి తగ్గిందా? మొన్న ఫోన్లో "ఎథిక్సూ సైకాలజీ క్లాసులో చెబితే వస్తాయట్రా, ఎవడి బుద్ధి వాడిది" అనేసి, ఓటీలో ఆపరేషన్‌కి టైమైందని పెట్టేశావు. జవాబు తీరిగ్గా రాస్తున్నా, ఈసారి తప్పించుకోలేవు.

మన ఎంబీబీఎస్ రోజుల్లో ఏం చెప్పార్రా మనకి? ఫోరెన్సిక్‌లో ఒకటో రెండో లెక్చర్లు, ఎస్పీఎం అనే సామాజిక వైద్యం సబ్జెక్టులో సోషియాలజీ చాప్టరు, దాని మీదో షార్ట్ నోటు. ఇప్పుడలా కాదు. 2019 బ్యాచ్ నుంచి కొత్త సిలబస్‌తో పాటు ఎట్‌కామ్ అని ఒక కోర్సు పెట్టారు. డాక్టరు వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు, అన్నీ అందులోనే. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా నడుస్తుంది. స్టూడెంట్లు ఊళ్లో కుటుంబాల్ని ఆరోగ్యం చూడ్డానికి దత్తత తీసుకోవడం కూడా ఉందిప్పుడు. ఆ ఇళ్లవాళ్లు పిల్లల్ని మొట్టమొదట అడిగేది "మాకేటొస్తాది బాబూ?" అని. న్యాయమైన ప్రశ్నే.

నువ్వన్నదాంట్లో సగం నిజముందని ముందే ఒప్పేసుకుంటా. పరీక్షలో మార్కులున్నాయనగానే మా స్టూడెంట్లు దీన్నీ బట్టీ పట్టేశారు. సైకియాట్రిస్టు కుబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలున్నాయి కదా, కాదనుకోవడం, కోపం, బేరమాడటం (బార్గెయినింగ్), కుంగిపోవడం (డిప్రెషన్), ఒప్పుకోవడం, చావు దగ్గరపడ్డ వాళ్లతో కూర్చుని మాట్లాడి ఆవిడ రాసినవి. మావాళ్లకి అవి ఎక్కాల్లా నోటికొచ్చు. వార్డులో ఒకామె, మొగుడు దక్కడని తెలిసి గోడకి చేరబడి ఏడుస్తోంది. ఒకడు నా చెవి దగ్గరికొచ్చి "సర్, ఇది డిప్రెషనా, బార్గెయినింగా?" అన్నాడు. ముందు ఆమెకి కూర్చోడానికి స్టూలు తెచ్చి వెయ్యరా అన్నాను. ఇంకో అమ్మాయి ఒక ముసలమ్మతో "మీ బాధ నాకర్థమైందమ్మా" అంటే, ఆవిడ ఎగాదిగా చూసి "నీకేటి అర్థమైంది తల్లీ, నీ వయసెంత?" అంది. పాపం పిల్ల తెల్లబోయింది. ఆ పూటకి క్లాసు ఆవిడే చెప్పేసింది.

ఇక మిగతా సగం సంగతి. టీబీ మాత్రలు మధ్యలో మానేసిన ఒకామెని చూడమని మూడో ఏడాది కుర్రాణ్ణి పంపాను. జీడిపిక్కలు ఒలిచే పనికెళ్తుంది. వీడు మంచం పక్కన నిలబడి "ఎందుకు మానేశారు? మానకూడదని తెలీదా?" అన్నాడు. ఆమె "మర్సిపోనాను" అంది. కేస్ షీట్లో 'నాన్ కంప్లయంట్', అంటే చెప్పినట్టు మందులు వాడని మనిషి, అని రాసి తెచ్చాడు. మళ్లీ వెళ్లు, ఈసారి కూర్చో, ఎందుకు అనే మాటే వాడకు, ఆ మాత్రలు మింగాక ఏమైందో మాత్రం అడుగు అన్నాను. వెళ్లాడు. కాసేపు ఆమె మాట్లాడలేదు. చుట్టూ ఎవరన్నా వింటున్నారా అని చూసి, గొంతు తగ్గించి "ఒంటేలు ఎర్రగా వస్తంది బాబూ. రగతం పోతన్నాదని భయమేసి ఆపీసినాను. మా అత్తకి కూడా సెప్పనేదు" అంది. టీబీ మందు రిఫాంపిసిన్‌తో ఆ రంగు రావడం నీకూ నాకూ ఎంత మామూలో చూడు. మాత్రలిచ్చిన వాళ్లలో ఒక్కరూ ఆ ముక్క ఆమెకి చెప్పలేదు. కుర్రాడు బయటికొచ్చి ఆ 'నాన్ కంప్లయంట్' కొట్టేసి మళ్లీ రాశాడు. అమెరికా సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ 1970ల్లోనే చెప్పింది ఇదే కదరా, జబ్బు గురించి రోగి ఏమనుకుంటున్నాడో ముందు కనుక్కోమని. ఆ పేరు వాడికి ఆ తర్వాతే చెప్పాను.

సోషియాలజీ కూడా అదే మంచం దగ్గర నడిచింది. జబ్బు మనిషికి పనీపాటల నుంచి మినహాయింపు ఉంటుందని సోషియాలజిస్టు పార్సన్స్ 1951లో రాశాడు. ఈమెకి మినహాయింపు ఎవరిస్తారు? పనికెళ్లకపోతే ఆ రోజు కూలి లేదు. ఆశా కార్యకర్త తరచూ గుమ్మం తొక్కితే టీబీ అని వీధంతా తెలుస్తుంది, ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లుంది. ఇదంతా స్లైడు మీద 'స్టిగ్మా' అని వేసి చూపిస్తే ఎవడికి ఎక్కుతుంది చెప్పు?

ఇప్పుడు నీ సర్జన్ల దగ్గరికొస్తా. "పన్నెండో బెడ్డు హెర్నియాకి సంతకం పెట్టించుకురా" అని హౌస్‌సర్జన్‌ని తరమడం మీ దగ్గర ఆగిందా? మా దగ్గర ఆగలేదు. ఆ పిల్లాడు పరుగెత్తుకెళ్లి వరండాలో దొరికిన బావమరిది చేత పెట్టించుకొస్తాడు. లోపల మంచం మీద మనిషి నిక్షేపంగా తెలివితోనే ఉంటాడు! అందుకే క్లాసులో సమీరా కోహ్లీ కేసు చెబుతాను. పొట్టలోకి సన్నటి గొట్టం పెట్టి చూసే డయాగ్నస్టిక్ లాప్రోస్కోపీకని ఒప్పుకున్నావిడ మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితేమీ కాదు, ఆవిడ మేజరు, తల్లి ఒప్పుకుంటే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. నష్టపరిహారం ఎంతో తెలుసా? 25 వేలు. డాక్టరు ఫీజు కూడా పోయిందనుకో. ఆ అంకె వినగానే క్లాసులో గొడవ మొదలైంది. "తల్లి ఒప్పుకుంది కదా సర్" అని కొందరు, "మా అమ్మని అడిగి నా ఒళ్లు కోస్తారా?" అని ఆడపిల్లలు. బెల్లు కొట్టినా లేవలేదు.

నాకు బెంగల్లా ఆ తర్వాతి సంగతే. అంతలా వాదించిన పిల్లలే మర్నాడు వార్డుకెళ్లి, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు రోగి మొహం చూడకుండా కేస్ షీట్‌తో మాట్లాడటం చూస్తారు. నా క్లాసు వారానికో గంట. ఆయన్ని చూసేది రోజూ. ఎవరి దగ్గర నేర్చుకుంటారంటావ్? కాబట్టి బుద్ధి పుట్టుకతో వస్తుందన్న నీ మాట నేనొప్పుకోను. చూసి వస్తుంది.

అందుకే నీకీ పని అంటగడుతున్నా. వచ్చే నెల రోగి సమ్మతి (కన్సెంట్) మీద క్లాసుంది, పీజీల్ని కూడా కూర్చోబెడుతున్నాను. నేను చెబితే "ఈయనకేం, కత్తి పట్టేవాడా" అంటారు. నువ్వొచ్చి, రోజుకి ఆరు కేసులున్నప్పుడు రోగికి అర్థమయ్యేలా చెప్పడానికి టైము ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పు. రాదంటావా, అదీ వాళ్ల ముందే అను, పోట్లాడుకుందాం. నీకు ఓటీ లేని రోజేదో చెబితే ఆ రోజే పెట్టిస్తా. చెల్లాయినీ తీసుకురా, ఇంట్లోనే దిగండి. పిన్నిగారి మోకాలు ఎలా ఉందో రాయి.

నీ
మూర్తి