శీనుగాడికి, మన్రో బాకీ కథ

ఒరేయ్ శీనూ,

ఆదివారం ఫోన్లో "మా అమెరికాలో మతానికీ సర్కారుకీ మధ్య గోడ ఉంది, మీ దగ్గర సర్కారే హుండీ లెక్కపెడుతుంది" అని వెక్కిరించావు చూడు, అప్పుడు నా నోరు పెగల్లేదు గానీ ఆ ఉక్రోషంతో వారం రోజులు ఇదే చదివా. నీ గోడ మాట మీ రాజ్యాంగంలో లేదురా బాబూ, 1802లో మీ ప్రెసిడెంటు జెఫర్సన్ డాన్‌బరీ ఊరి బాప్టిస్టులకి (అదో క్రైస్తవ శాఖ) రాసిన ఉత్తరంలోది, నేనిప్పుడు నీకు రాస్తున్నట్టే.

మనవాళ్లు అసలు గోడ కడతామనే అనలేదు. మన రాజ్యాంగం 25వ ఆర్టికల్‌లో మత స్వేచ్ఛ ఇచ్చి, ఆ పక్కనే మతంతో ముడిపడిన డబ్బు వ్యవహారాల మీద సర్కారు చట్టాలు చేసుకోవచ్చని కూడా రాసేశారు. సెక్యులర్ అన్న మాట పీఠికలోకి 1976లో గానీ రాలేదు.

ఇప్పుడు అసలు విడ్డూరం విను, 290ఏ అని ఒక ఆర్టికల్ ఉంది, కేరళ ఖజానా నుంచి ఏటా 46 లక్షల 50 వేలు ట్రావెన్‌కోర్ దేవస్వం ఫండ్‌కి (గుళ్ల నిర్వహణ నిధి అన్నమాట), తమిళనాడు నుంచి 13 లక్షల 50 వేలు అక్కడి దేవస్వం ఫండ్‌కి ఇవ్వాలట! అంకెలతో సహా రాజ్యాంగంలోనే ఉంది, నేను రెండుసార్లు చదివా నమ్మక. 1810ల్లో ట్రావెన్‌కోర్ సంస్థానానికి దివాన్‌గా ఉన్న కల్నల్ జాన్ మన్రో (మన రాయలసీమ మన్రో కాదు, ఈయన వేరే) గుళ్ల ఆస్తులు సంస్థానంలో కలిపేసుకున్నాడు, దాంతో గుళ్ల ఖర్చు సంస్థానం నెత్తిన పడింది, 1949లో ట్రావెన్‌కోర్, కొచ్చిన్ సంస్థానాల విలీనమప్పుడు ఆ బాకీ కూడా వెంటే వచ్చింది, 1956లో కన్యాకుమారి వైపు మద్రాసుకి పోతే బాకీ కూడా పంచుకున్నారు, అన్నదమ్ముల వాటాల్లాగా. భూములు మింగినవాడు కడితే తప్పేంటి అంటాను నేను, కాకపోతే ఆ అంకె 1956 నుంచి మారలేదు, ఇవాళ్టి లెక్కలో అదెంతరా.

నాకు మింగుడుపడనిది మాత్రం మన దగ్గరి కేసే. 1987 దేవాదాయ చట్టంతో తిరుమల మిరాశీలు (గుడి సేవలో, రాబడిలో తరతరాల వాటాలు), అర్చకుల వంశపారంపర్య హక్కులు పోయాయి కదా, అర్చకులు నారాయణ దీక్షితులు గారు సుప్రీంకోర్టుకెళ్తే 1996లో ఏమన్నారంటే, పూజ చెయ్యడం మతం, పూజారిని పెట్టుకోవడం మాత్రం మతం కాదు, లౌకిక వ్యవహారం. వినడానికి బానే ఉంది, కానీ విగ్రహాన్ని ఎవరు తాకాలో ఆగమమే (గుడి పూజల శాస్త్రం) చెప్తుంటే ఆ గీత ఎక్కడ గీస్తావు? అలాగని తండ్రి చేశాడు కాబట్టి కొడుక్కి మంత్రం రాకపోయినా కుర్చీ ఇమ్మంటే అదీ ఒప్పుకోను. 2007లో సవరణ తెచ్చి పాత కుటుంబాలకి కాస్త వెసులుబాటు ఇచ్చారనుకో.

మీ తాతయ్య గారు గుడి మాన్యం పోయిందని అరుగు మీద కూర్చుని ఎవరినో తిడుతుండేవారు, గుర్తుందా? తిట్టింది చట్టాన్నో, కౌలుదారునో ఈసారి మీ నాన్నగారిని అడిగి రాయి. ఫోన్లో వద్దు, నువ్వు మళ్లీ వెక్కిరిస్తావు.

నీ
రాంబాబు