యాప కొమ్మ దగ్గర పావుగంట

నల్లగొండ
ఆదివారం

కొడుకా,

నువ్వు పంపిన నాలుగు బొమ్మలు చూసిన. గీత బాగున్నది, చెయ్యి భయపడుతలేదు. కానీ యాప కొమ్మ బొమ్మలో ఆకులన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. నడుమ ఈనె, ఈనెకు రెండు దిక్కుల సరిసమానంగ సగం సగం. యాపాకు అట్ల ఉండదు బిడ్డా. ఈనెకు ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. ఆకు మొత్తం కొడవలి లెక్క ఒక దిక్కుకు వంగి ఉంటది. అంచుకు రంపం పండ్లు. మొదట్ల రెండు సగాలు ఒక్కచోట షురువు కావు, ఒకటి కిందికి, ఒకటి కొద్దిగ పైకి. ఆ చెట్టు కిందనే ఆడి పెరిగినవు గనుక "యాపాకు నాకు ఎరుకే" అని నీ మెదడు అన్నది, చెయ్యి దాని మాట విన్నది. కొమ్మ ముందట పెట్టుకొని గూడ నువ్వు కొమ్మను చూస్తలేవు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క సంగతి గురించే.

కంటికి నిజంగ స్పష్టంగ కనబడేది చానా తక్కువ. చెయ్యి బారజాపి బొటనవేలు నిలబెట్టు. ఆ గోరు ఎంత వెడల్పు ఉంటదో సుమారు అంత మేరనే, అంటే రెండు డిగ్రీల దరిదాపుల, కన్ను వివరంగ చూస్తది. మిగతాది మసక. కండ్లు సెకనుకు మూడు సార్ల దాకా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దుంకుతుంటయి. దొరికిన ముక్కలను మెదడు కుట్టుకుంటది, దొరకని జాగాలో పాత జ్ఞాపకాన్ని అతుకు వేస్తది. రోడ్డు దాటడానికి, మనిషిని గుర్తుపట్టడానికి ఆ అతుకుల బట్ట సరిపోతది. బొమ్మ గీసేటప్పుడు మాత్రం ఏది చూపు, ఏది అతుకు అని విడదీసుకోవాలె. దానికి చూపును నిమ్మళంగ నడిపించుడు తప్ప వేరే తొవ్వ లేదు.

రేపు పొద్దున ఇట్ల చెయ్యి. ఐదారు ఆకులున్న చిన్న రెమ్మ తెంపి గ్లాసు నీళ్ళల్ల పెట్టు. నీకు రెండు అడుగుల దూరం. వెలుగు ఒక్క కిటికీ నుంచే రావాలె, ట్యూబులైటు బంద్ చెయ్యి. రెండు దిక్కుల వెలుగుంటే ఒక్కో ఆకుకు రెండు నీడలు పడి ఏది ఎటు తిరిగిందో తెల్వదు. ఫోను ఇంకో రూముల పెట్టు. పావుగంట సేపు పెన్సిలు ముట్టకు. మొదటి రెండు నిమిషాలు మనసు పేర్లు చదువుకుంటది: ఆకు, ఈనె, పుల్ల. ఆ తర్వాత విసుగు వస్తది, "చూసుడు అయిపోయింది" అనిపిస్తది. చానా మంది అక్కడ్నే పెన్సిలు పడతరు, నువ్వు గూడ అక్కడ్నే పట్టినవని బొమ్మలు చెప్తున్నయి. ఆ విసుగు దాటినంక కన్నుకు పని చెప్పు. నాకు అన్నిటికంటె దగ్గరున్న ఆకు ఏది? ఏ ఆకు వెనుక పక్క కనబడుతున్నది? అన్నిటికంటె చీకటి జాగా ఎక్కడ? ఏ అంచు వెనుక గోడల కలిసిపోయి మాయమైంది? నడుమల మనసు తిరిగి కాలేజీ కాడికో, తిండి కాడికో పోతది. పోయిందని తెలిసినప్పుడు కాయిదం అంచున పెన్నుతో చిన్న టిక్కు పెట్టి మళ్ళ కొమ్మ మీదికి రా. పది టిక్కులు పడినా తప్పు లేదు, తిరిగి వచ్చుడే సాధన. అయితే కొమ్మ తెంపిన పూటనే పని ముగించు. తెంపిన రెమ్మ వాలుతది, ఆకులు తిరుగుతయి. సాయంత్రం చూసేది పొద్దుటి కొమ్మ కాదు.

పావుగంట అయినంక కాయిదం దిక్కు చూడకుండ గీసుడు. ఏ3 సైజు కార్ట్రిడ్జి కాయిదాన్ని, అంటే బొమ్మలు గీసే దళసరి కాయిదాన్ని, నాలుగు మూలల టేపుతో పలకకు అంటించు, లేకుంటె నువ్వు చూడనప్పుడు జరిగిపోతది. 2బి పెన్సిలు, మొన మరీ సూది లెక్క వద్దు. తొడిమె కాడ చూపు నిలిపి, పెన్సిలు గూడ అక్కడ్నే ఆనించిన అనుకో. ఇగ చూపు, పెన్సిలు రెండూ ఒక్కటే చీమ. ఆ చీమ అంచు వెంబడి నడుస్తది, రంపం పండ్ల మీద ఎక్కి దిగుతది. పెన్సిలు ఎత్తొద్దు. ఒక్క ఆకుకు నిమిషం తక్కువ పడితే చీమ ఉరికినట్టే. ఐదు నిమిషాలు కాంగనే ఆపు.

బొమ్మ వంకరగ వస్తది, చివరలు కలువవు, ఒక ఆకు కాయిదం బయటికి గూడ పోతది. పోనీ. దీన్ల చూడాల్సింది వేరే ఉన్నది. గీత ఎక్కడ నున్నగ జారిందో అక్కడ నీ కన్ను ముందుకు ఉరికింది, చెయ్యి అలవాటు మీద లాగింది. ఎక్కడ గీత వణికి, చిన్న చిన్న మలుపులు పట్టిందో అక్కడ నువ్వు నిజంగ చూసినవు. ఈ తేడా నీ గీతల నీకే కనబడాలె. దొంగచూపులు ఆగకుంటె అట్టముక్కకు బొక్క చేసి పెన్సిలును అండ్ల నుంచి దూర్చు, అట్ట కింద చెయ్యి కనబడదు. దినానికి మూడు, పదిహేను దినాలు. తారీఖు వేసి అన్నీ దాచిపెట్టు, ఒక్కటి గూడ చింపకు. రబ్బరు ఈ పదిహేను దినాలు డబ్బాల నుంచి తియ్యకు.

కొలతల సంగతి కాలేజీల చెప్పే ఉంటరు, నేను ఒక్క తప్పు గురించే చెప్తా. పెన్సిలుతో కొలిచేటప్పుడు మోచెయ్యి పూర్తిగ చాపాలె, ఒక్క కన్నే మూయాలె, ప్రతిసారి అదే కన్ను. పెన్సిలు కంటికి ఇరువై నాలుగు అంగుళాల దూరంల ఉన్నదనుకో. మోచెయ్యి వంగి రెండు అంగుళాలు దగ్గరికొస్తే కొలత పన్నెండింట ఒక వంతు తగ్గిపోతది. నీ కుండ బొమ్మల మూతి పెద్దగయి అడుగు కుంచించుకపోయింది దీనివల్లనే అని నా అంచనా.

దసరాకు వచ్చినప్పుడు ఒక దినం మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కాడికి పోదాం. దాదాపు మూడెకరాల మేర పరుచుకున్న మర్రి అది. 2018ల చెదలు తింటుంటె మనుషులకు సెలైన్ ఎక్కించినట్టే మందు ఎక్కించి కాపాడిండ్రు. అంత చెట్టును ఊడ ఊడగ గీద్దామనుకుంటె చెయ్యి గాభరా పడతది, పది గొట్టాలు నిలబెట్టి "మర్రి" అనిపిస్తది. ఊడలను గియ్యకు. ఊడల నడుమ ఉన్న సందులను గియ్యి. ప్రతి సందుకు ఒక ఆకారం ఉంటది: ఒకటి తలకిందులైన సీసా లెక్క, ఒకటి పొడుగు త్రికోణం. ఆ ఆకారాలకు పేర్లు లేవు గనుక మెదడు దగ్గర అతుకు వేసే పాత బట్ట ఉండదు, కన్ను చెప్పిందే వినాలె. సందులు సరిగ్గ పడితే ఊడలు వాటంతటవే నిలబడతయి. అట్టకు మూడు అంగుళాలు, నాలుగు అంగుళాల కిటికీ కోసి తెచ్చుకో. ఆ కిటికీ అంచు గూడ సందుకు ఒక పక్క అయితది, లేకుంటె బయటి సందులకు హద్దు దొరకదు.

ఇగ వెలుగు. దీని మీద నీతోని చానా మాట్లాడాలని ఉన్నది.

మన ఊరి పేరే చూడు. పాత పేరు నీలగిరి, తర్వాత నల్లగొండ. గుట్ట ఎక్కి బండ ముందట కూసుంటే అది నీలం గాదు, నలుపు గాదు. బూడిద రంగు, అండ్ల గులాబీ పలుకులు, మెరిసే నల్ల చుక్కలు, వాన నీళ్ళు జారిన చోట నల్ల చారలు. దూరం పోయినకొద్దీ మనకూ గుట్టకూ నడుమ ఉన్న గాలి నీలి వెలుగును ఎక్కువగ చెదరగొట్టి మన కంటికి పంపుతది, గుట్ట నీలమైతది. పొద్దు గుట్ట వెనుక ఉన్నప్పుడు అదే గుట్ట నల్లగైతది. బండ రంగు ఇది అని ముందే అనుకొని రంగు ట్యూబు పిండితే మూడు తీర్ల గుట్టకూ ఒక్కటే రంగు పూస్తవు. బూడిదరంగు అట్టకు పంచింగ్ మిషనుతో ఒక బొక్క కొట్టు, చెయ్యి చాపి ఒక్క కన్నుతోని ఆ బొక్కల నుంచి గుట్టను చూడు. చుట్టుపక్కలది కనబడకుంటె అది గుట్ట అనే సంగతే పోయి, ఉత్త రంగు చుక్క మిగులుతది. ఆ చుక్కను కలుపు. ఒక్క చుక్కను పది సెకన్లకంటె ఎక్కువ సేపు చూడకు. కన్ను అలసి రంగు వెలిసినట్టు కనబడతది.

తెలుపు, నలుపు కాడ గూడ ఇదే మోసం. వెలుగును లక్సులల్ల కొలుస్తరు. నడి ఎండ దాదాపు లక్ష లక్సుల వెలుగు, ట్యూబులైటు రూముల మూడు నాలుగు వందలే. అంటే ఎండల ఉన్న నల్లబండ నుంచి నీ కంటికొచ్చే వెలుగు, నీ రూముల తెల్లకాయిదం నుంచి వచ్చేదానికంటె చానా ఎక్కువ. అయినా మెదడు బండను నల్లగ, కాయిదాన్ని తెల్లగ చూపిస్తనే ఉంటది. అందుకే కండ్లు సగం మూసి చూడమని చెప్పేది. వివరం పోయి ఐదు మెట్లే మిగలాలె: తెలుపు, మూడు బూడిదలు, నలుపు. ఎక్కడ ఏ మెట్టో నిర్ణయం చేసినంకనే బాగ నల్లగ పడే 6బి పెన్సిలు ముట్టు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఊరికి దగ్గరే, ఈసారి పొద్దంతా అక్కడ ఉందాం. మూడు గర్భగుళ్ళ గుడి అది. ఒకదాంట్ల లింగం మీద నీడ పొద్దంతా జరుగకుండ నిలబడి ఉంటది. పొద్దు గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంటె నీడ ఎందుకు తిరగదు? అక్కడికి ఎండ నేరుగ రాదు. స్తంభాల సందుల నుంచి చెదిరిన వెలుగు రెండు దిక్కుల నుంచి లోపలికొస్తది, ఆ రెండూ సరిగ్గ అందని జాగానే నీడ. అందుకే దాని అంచులు కోసినట్టు ఉండవు, పొగ లెక్క కరుగుతయి. నువ్వు స్కేలు పెట్టినట్టు అంచు గీస్తే అది ఆ నీడ గాదు. ఇంకోటి, ఎండల నుంచి లోపలికి పోంగనే గియ్యకు. చీకటికి కన్ను పూర్తిగ అలవాటు పడనీకి ఇరువై, ముప్పై నిమిషాలు పడతది. ముందే గీస్తే కాయిదమంతా నలుపు చేస్తవు. అరగంటకు ఆ నలుపులనే నాలుగు తీర్ల బూడిద కనబడి బొమ్మ చెడిందని బాధపడతవు.

అంచుల గురించి తెలుసుకోనీకి ఇంట్లనే బీరువా తెరువు. పోచంపల్లి చీర, గద్వాల చీర పక్కపక్కన పరువు. పోచంపల్లిల చిటికి కట్టి, అంటే రంగు అంటొద్దన్న చోట పోగును బిగించి కట్టి, రంగుల ముంచుతరు. కట్టు కిందికి రంగు రవ్వంత పాకుతది, నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతయి, అందుకే పువ్వు అంచు ఈకలు ఈకలుగ ఉంటది. గద్వాలల నూలు ఒంటికి పట్టు అంచును విడిగ పోగులు మెలేసి కుప్పడంగ కలుపుతరు, అక్కడ హద్దు కత్తిరించినట్టు ఉంటది. ప్రతి బొమ్మల ఈ రెండు తీర్ల అంచులు ఉంటయి. నీ బొమ్మలల్ల అన్నీ గద్వాల అంచులే ఉన్నయి కొడుకా, అందుకే ఆకులు కోసి అంటించినట్టు కనబడుతున్నయి.

బయట గీసేటప్పుడు నీడను తరుముకుంట పోకు. కూసున్న పది నిమిషాలల్ల నీడల హద్దులు సన్నగ గీసి పెట్టుకో, తర్వాత అవి ఎటు జరిగినా మార్చకు. గంటన్నర దాటితే మూట కట్టు, తెల్లారి అదే యాళ్ళకు రా. ఫ్రాన్సుల మోనే అనే చిత్రకారుడు 1892, 1893ల రువాఁ అనే ఊరి చర్చి ముందట కూసొని ముప్పైకి పైగ కాన్వాసులు పట్టిండు. వెలుగు మారంగనే ఆ వెలుగుకు తగ్గ ఇంకో కాన్వాసు తీసేటోడు. నీకు అన్ని అక్కర్లేదు. పోస్టుకార్డంత అట్టలు నాలుగు ఉంటె చాలు. పొద్దుగూకే యాళ్ళ ఒక అట్ట మందారం చెట్టుకు ఉంచు. మసకపడినకొద్దీ ఎర్ర పువ్వు నల్లబడుతది, ఆకులు దానికంటె తేటగ కనబడతయి. తక్కువ వెలుగుల కన్ను ఎరుపును ముందు పోగొట్టుకుంటది.

ఫోటో తీసుకొని ఇంట్ల గీసుకుందామనే ఆలోచన మానుకో, కనీసం ఈ ఏడాది. ఫోను నీడలను తనే తేటపరుస్తది. ముందున్న కొమ్మను పెద్దగ, వెనుకదాన్ని చిన్నగ చేస్తది. ఏది ముఖ్యమో అది నిర్ణయించదు, అన్నిటికీ ఒక్కటే పట్టు. దాని బదులు రెండు నిమిషాలు చూడు, వెనుకకు తిరిగి ఐదు నిమిషాలు గియ్యి, మళ్ళ తిరిగి పోల్చుకో. ఏది మరిచిపోయినవో వేరే రంగుతో గుర్తు పెట్టు. పెద్ద బొమ్మకు దిగినప్పుడు ఆ గుర్తులే పనికొస్తయి. గుర్తు పెట్టకుండనే మనసుల నిలబడ్డది బొమ్మకు నడుమ అయితది, పదేపదే జారిపోయింది తీసెయ్యొచ్చా అని అడుగుకోవచ్చు. పక్కన నాలుగు మాటలు రాయి: గంట, వెలుగు ఏ దిక్కు, ఎంత దూరం, ఏ రంగులు కలిపితే దగ్గరికొచ్చింది.

తంగేడు పూసే కాలం వస్తున్నది. మీ హాస్టలు చుట్టుముట్టు దొరికితే ఒక కొమ్మ తెచ్చుకో. బతుకమ్మల ప్రతి ఏడూ చేతుల పట్టుకున్న పువ్వే గనుక ఇదీ నీకు ఎరుకే అనిపిస్తది. రెక్కలు ఎన్ని, అన్నీ ఒక్క సైజేనా, కేసరాలల్ల పొడుగెన్ని పొట్టివెన్ని, ఆకు కొసకు ఒంటి ఆకు ఉన్నదా జంటతోనే ముగిసిందా, లెక్కపెట్టి గీసి పంపు. లెక్క కాయిదం మీద వేరే రాయకు, బొమ్మలనే చూసుకుంట. రంగుల పైసలు బుధవారం వేస్తా. రాత్రి కండ్లు మండితే గీసుడు ఆపి పండుకో.

మీ అమ్మ