మాస్కు లేని బైపాప్ ఎవరి ప్రాణం కాపాడుతుంది?
వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

మా ఏరియా ఆసుపత్రిలో బైపాప్ అనే శ్వాస యంత్రానికి సరిపడే మాస్కులు లేవని ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు తప్ప సమాధానం రాలేదు. ఆసుపత్రిలో అడిగినప్పుడల్లా ‘ఇండెంటు పెట్టాం’ అనే మాటే వినబడుతోంది. అందువల్ల ఈ సంగతిని నలుగురి ఎదుట మీకు విన్నవించుకోక తప్పడం లేదు.

మా అమ్మకు 74 ఏళ్లు. బీడీ ముట్టి ఎరుగదు, కానీ వయసంతా కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో గడిచింది, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే సీవోపీడీ అనే జబ్బు వచ్చింది. ఆయాసం ముదిరితే రక్తంలో కార్బన్ డయాక్సైడు పేరుకుని మగతలోకి జారిపోతుంది. అటువంటి వేళ గొంతులో గొట్టం వేయనక్కర లేకుండా, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే బైపాప్ ఎంత మేలో, ముసలివారిని వెంటిలేటరు మీదికి ఎక్కించాక దింపడం ఎంత కష్టమో మీ శాఖ వైద్యులకు నేను చెప్పేపాటి వాణ్ణి కాను.

మా ఏరియా ఆసుపత్రిలో బైపాప్ ఉంది. వార్డు మూలన, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి, భద్రంగా ఉంది. దానికి ఉన్న ఒకే ఒక మాస్కు పెద్ద సైజుది. పళ్లూడి బుగ్గలు లోపలికి పోయిన అమ్మ ముఖానికి అది ఆనక, అంచుల నుంచి గాలి బుస్సుమంటూ కళ్లలోకి కొట్టింది. పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద చర్మం ఒరుసుకుపోయింది. మొదటి గంటసేపు పక్కనే ఉండి, మాస్కు సర్ది, ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచుతూ, ఊపిరాడడం లేదని దాన్ని పీకేయబోయే మనిషికి ధైర్యం చెప్పేవారు ఉంటేనే ఆ యంత్రం పనిచేస్తుంది; ఆ రాత్రి అన్ని వార్డులకూ పరుగెడుతున్న సిస్టర్లను నేను ఏమని తప్పుపట్టను? రక్తంలో వాయువుల పరీక్షకు కిట్లు కూడా లేవు.

చివరికి ఆక్సిజన్ పెట్టి 108లో హైదరాబాదుకు పంపారు. దారి పొడవునా మానిటరులో 99 కనబడుతుంటే గండం గడిచిందనుకున్నాం. ఇటువంటి రోగులకు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలునని, ఆక్సిజన్ మితిమీరితే మగత ఇంకా పెరుగుతుందని అక్కడి డాక్టరు చెప్పాకే తెలిసింది.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషం. అయితే మాకు ఆ కార్డు ఆసుపత్రి మంచం మీద ఉన్నంత వరకే అక్కరకు వచ్చింది. రోజూ రాత్రి ఇంట్లో బైపాప్ పెట్టాలని డిశ్చార్జి చీటీలో రాశారు. యంత్రం మాత్రం మమ్మల్నే చూసుకోమన్నారు. కొనే స్తోమత లేక అద్దెకు తెచ్చాం. కరెంటు పోయిన రాత్రుల గురించి మరో శాఖ మంత్రిగారికి రాసుకోవాలి కాబోలు.

అయ్యా, కొత్త యంత్రాలు అడగడం లేదు. ఉన్నవాటికి అన్ని సైజుల మాస్కులు, ట్యూబులు, ఫిల్టర్లు పంపించండి. రాత్రి డ్యూటీలో వాటిని నడపడం తెలిసిన ఒక్కరినైనా ఉంచండి. ఇంట్లో వాడే బైపాప్ అద్దెను పథకంలో చేర్చండి. ఇవేవీ కుదరవంటే ఎందుకు కుదరవో మా అర్జీ మీద రాయించి పంపండి. చలి మొదలయ్యే లోగా ముందు ఆ మాస్కులైనా పంపించండి.

ఇట్లు,
ఒక రోగి కుమారుడు